దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి

ఏమండీ,

మీ ఆవిడ నమస్కారాలు. ఇక్కడ నేను, పాప, అత్తయ్య బాగానే ఉన్నాం. సముద్రం మీద మీరూ బాగున్నారని నమ్మి రాస్తున్నాను.

మీరు అడిగినవి ముందు చెప్పేస్తాను. వంటింటి కుళాయి కారడం ఆగింది. పాపకు ముందు పన్ను ఊడింది, అందుకే మూతి బిగించుకుని తిరుగుతోంది. అత్తయ్య మోకాలు మామూలే. నా మీద కోపం వస్తే మాత్రం చకచకా నడుస్తారు. ఇక ఓడలో మరో ఏడాది ఉండటానికి సంతకం పెట్టాలా అని అడిగారు. నాకు ఉద్యోగం వస్తే ఆ అవసరం ఉండదనుకున్నాం కదా. ఆ ఇంటర్వ్యూ సంగతే చెప్తాను.

మొన్న పొద్దున పదింటికి, ఇంటర్వ్యూలో భాగంగా కంప్యూటర్లో లెక్కల పరీక్ష. ఫోన్లో కుదరదన్నారు. తల దువ్వుకుని ముందే కూర్చున్నాను. ఏ పేజీ తెరిచినా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అనే వస్తోంది. నెట్ పెట్టె చూస్తే దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆపి మళ్ళీ వేశాను. తీగ పీకి గుచ్చాను. అత్తయ్యను అడిగితే, "నీ పెట్టె జోలికి నేనెందుకొస్తానమ్మా, దాని మీద దుమ్ము కూడా తుడవలేదు" అన్నారు. నా ఫోన్లో అదే నెట్ చక్కగా వస్తోంది. అంటే జబ్బు కంప్యూటర్‌దే.

నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తాపీగా, "కింద మూలన తేదీ ఎంతుందో చదవండి మేడమ్" అంది.

చదివాను. నాలుగు నెలలు ముందుకెళ్ళి కూర్చుంది.

"తేదీ తప్పయితే పేజీలు తెరుచుకోవండీ. ఎవరైనా మార్చారా?"

"మా పాప పనే అయ్యుంటుంది" అనేశాను.

పక్కనే ఉన్న పాప, "నేను కాదమ్మా!" అని ఏడుపు లంకించుకుంది. ఓదార్చే వ్యవధి లేదు. తేదీ సరిచేశాను. పేజీ తెరుచుకునేసరికి పది కానే అయింది. పరీక్ష రాశాను.

ఇంతసేపూ దాచిన మాట ఒకటుంది. ఆ తేదీ మార్చింది నేనే. ముందు రోజు మీ ఉత్తరం చదివి, మీరు రావాల్సిన తేదీని కంప్యూటర్లో పెట్టి చూసుకున్నాను. మీరు వచ్చేసినట్టే అనిపించింది. వెనక్కి తిప్పబుద్ధి కాక అలాగే కంప్యూటర్ ఆపేశాను. పొద్దున కంగారులో గుర్తే రాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. తేదీ చదవగానే తెలిసింది, అయినా నింద పిల్ల మీద వేశాను.

సాయంత్రం పాపకు నిజం చెప్పి తప్పయిపోయిందన్నాను. అది, "నాన్న వచ్చే రోజా? అయితే మళ్ళీ పెట్టమ్మా" అంది.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ప్రతి ఉత్తరంలో 'మేం ఎలాగో నెట్టుకొస్తాం, మీరు దిగులుపడకండి' అని రాస్తూ వచ్చాను. నెట్టుకు రాలేకపోతున్నానండీ. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆ తేదీ దానంతటదే వస్తుంది. ఆ రోజుకి మీరు ఇంట్లో ఉండండి.

ఇట్లు,
మీకోసం కాచుకుని ఉన్న
మీ పాప అమ్మ