వంతు దీపం

విశాఖపట్నం,
9-2-2003.

అమ్మకు, నాన్నకు మీ నాంచారమ్మ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీ ఇద్దరూ, మన పాలెంలో వాళ్లందరూ బాగున్నారన్న నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

అమ్మా, నువ్వు దైవాధీనం గారి చేత రాయించిన ఉత్తరం మంగళవారం అందింది. పోస్టు సంచీ పక్కన పెట్టి, మన అరుగు మీద కూర్చుని నా ఉత్తరాలు ఓపిగ్గా చదివిపెడుతున్నందుకు ఆయనకు నా నమస్కారాలు.

నా దగ్గు పూర్తిగా తగ్గింది. మెస్సులో ఆదివారాలు చేపలు పెడతారు గాని అవి ఎన్నాళ్లవో మనకి ముక్కు దగ్గరే తెలిసిపోతుంది, అందుకని పులుసు మాత్రం పోసుకుని లేస్తాను. వార్డులో మొదటిసారి సూది వేసేటప్పుడు భయమేసిందా అని అడిగావు. వేసింది. సూది వేయించుకున్న ముసలాయనే నాకు ధైర్యం చెప్పాడు. నాన్న మోకాలికి కాపడంతో సరిపెట్టకుండా ఒకసారి బందరు తీసుకెళ్లి ఎముకల డాక్టరుకి చూపించు.

ఆఖరున ఇంకో మాట రాయించావు. "అందరినీ పేరుపేరునా అడుగుతావు, మీ ముత్యాలమ్మ అత్తని మాత్రం ఏ ఉత్తరంలోనూ అడగవేం?" అని. ఆ జవాబు చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. కాని ముందు మొన్న సాయంత్రం సంగతి చెప్పాలి.

ఇక్కడ బీచి రోడ్డులో దీపాల ఉత్సవం పెట్టారు. దేవుడి పండగ కాదు. బొమ్మలు వేసేవాళ్లు రంగులతో వేసినట్టు వీళ్లు వెలుతురుతో వేస్తారట. నర్సింగు స్కూలు పిల్లలం ఏడుగురం వెళ్తామంటే, ఎనిమిదింటికల్లా హాస్టల్లో ఉండాలని చెప్పి వార్డెన్ గారు ఒప్పుకున్నారు. ఒక చోట ఖాళీ ప్లాస్టిక్ సీసాలన్నీ కలిపి పడవంత చేపని చేసి, లోపల నీలం లైట్లు పెట్టారు. ఊపిరి తీసుకుంటున్నట్టు వెలుగుతూ తగ్గుతూ ఉంది.

"ఏవే నాంచారీ, దీన్ని మీ ఊళ్లో ఏమంటారే?" అని గుడివాడ దీప్తి ఆట పట్టించింది.

"ఏమంటే ఏం లాభం? మా అమ్మ దీన్ని గంపలోకే రానివ్వదు," అన్నాను. అందరం పడీపడీ నవ్వాం.

ఆ నవ్వుతోనే నీళ్ల వైపు దిగాం. అక్కడ కలకత్తా నుంచి వచ్చిన ఒకాయన ఇసుకలో వందకు పైగా వెదురు గెడలు పాతి, ఒక్కోదానికి ఒక కిరసనాయిలు లాంతరు కట్టాడు. అప్పుడే పొద్దు వాలి మసక కమ్ముతోంది. నాకు మన మొగ కనిపించింది. కాలవ సముద్రంలో కలిసే చోట మన గెడ, దానికి రోజుకో ఇంటివాళ్లు వంతు ప్రకారం కట్టే లాంతరు. ఆ వెలుగు ఆనవాలుగా ఇసుక మేట తప్పించుకుని లోపలికి వచ్చే నావలు.

దీప్తి ఒక లాంతరు దింపి చెంప దగ్గర పెట్టుకుంది. "ఐశ్వర్యా, ఫోటో తియ్యవే! పాత సినిమా హీరోయిన్‌లా లేనూ?"

"పెట్టెయ్యవే! నావలింకా రాలేదు!" అని అరిచాను.

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. "నావలేంటే? ఇక్కడ నావలెక్కడున్నాయి?" అని నవ్వబోయి, నా మొహం చూసి దీప్తి గబగబా లాంతరు కట్టేసింది. నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను. ఐశ్వర్య తన చున్నీతో నా మొహం తుడిచింది. ఎందుకని ఎంత అడిగినా వాళ్లకి చెప్పలేదు. ముందు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

దైవాధీనం గారూ, దయచేసి ఇక్కడ ఆపండి. అమ్మని ముత్యాలమ్మ అత్త ఇంటికి తీసుకెళ్లి, మిగతాది అక్కడ చదవండి. అత్త లోపలికి రానివ్వకపోతే వాకిట్లో నిలబడి చదవండి. అత్తకి వినపడాలి.

అత్తా, అంజి మావయ్య పోయిన రోజు వంతు మా ఇంటిది. అమ్మ లాంతరు గెడకి కట్టి, నాన్నకి జ్వరమని ఇంటికి వెళ్లిపోయింది. నేను నాలుగో తరగతి. మర్నాడు లెక్కల పరీక్ష. మా ఇంట్లో బుడ్డి చిమ్నీ పగిలిపోయి ఉంది. పుస్తకం పట్టుకుని గెడ దగ్గరికి వచ్చాను. మంచు పడుతోంది, కింద కూర్చుంటే అంకెలు కనపడలేదు. లాంతరు దింపి వలల పాక చాటుకి తీసుకెళ్లాను. నాలుగు లెక్కలు చేసి కట్టేద్దామనుకున్నాను. బాగా కనపడాలని వత్తి పైకంటా పెంచాను. ఒక భాగహారం ఎంతకీ తెగలేదు. ఎంత రాత్రయిందో చూసుకోకుండా అది తెగేదాకా కూర్చున్నాను.

మళ్లీ గెడకి కట్టేసరికి కిరసనాయిలు అడుగంటి మంట గింజంత అయిపోయింది. ఆరిపోతుందని నాకు తెలుసు అత్తా. కిరసనాయిలు అడిగితే ఎందుకు దింపావని అమ్మ కొడుతుందని భయపడి, పుస్తకం సర్దుకుని ఇంటికి పరిగెత్తాను.

నావ మొగ కనపడక మేట ఎక్కి తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. మావయ్య కాళ్లకి వల చుట్టుకుంది. ఖాళీ లాంతరు ఊరంతా చూసింది. "కిరసనాయిలు మిగుల్చుకున్నావు వదినా, నా మొగుణ్ణి మిగల్చలేదు," అని నువ్వు అమ్మని అన్నప్పుడు నేను అమ్మ చీర వెనకాలే ఉన్నాను. నోరు విప్పలేదు. పరీక్ష నాలుగు రోజులు ఆగి పెట్టారు. ఆ భాగహారమే వచ్చింది. నాకు యాభైకి యాభై. ఈ పిల్లని చదివించమని మాస్టారు నాన్నకి చెప్పింది ఆ మార్కులు చూసే.

పదేళ్లుగా మీ ఇద్దరూ ఒకే బస్సులో గుడివాడకి ఎండుచేపల గంపలు తీసుకెళ్తున్నారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. మొదట్లో "నిండా పోశానే" అని ఏడ్చే అమ్మ, తర్వాత్తర్వాత "ఏమో, తక్కువే పోశానేమో" అనడం మొదలుపెట్టింది. అది వింటూ కూడా నేను చదువుకుంటూనే ఉన్నాను.

సెలవు అడిగాను. వచ్చే ఆదివారం పొద్దున బందరులో దిగి, ముందు అత్త గుమ్మంలోకే వస్తాను. అత్త ఏం చేసినా నువ్వు అడ్డం రావద్దమ్మా.

అమ్మా, ఆ రోజు నువ్వు కిరసనాయిలు నిండుగానే పోశావు. నేను చూశాను.

ఇట్లు,
అమ్మ కూతురు, అత్త కాదనకపోతే అత్తకి మేనకోడలు,
నాంచారమ్మ