బండ మీది ఇల్లు

మే 4
పన్నెండు ఇళ్ల గోడలకు నిరుడు ఒక్కో మేకు కొట్టాం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మేకూ నీళ్లూ ఒకే ఫ్రేములో పడేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తాను. జావా ఉత్తరాన ఈ డెమాక్ తీరంలో నేల కుంగడం కంటికి కనబడదు. ఫొటోలు వరసగా పెడితే కనబడుతుంది.

పదకొండు ఇళ్ల మేకులు నీళ్లకు దగ్గరవుతున్నాయి. తస్మి పెద్దమ్మ ఇంటి మేకు మాత్రం ఉన్నచోటే ఉంది.

మే 5
లెన్సు నిండా ఉప్పు.

మే 19
మా ఆఫీసు పెద్ద హార్దిమాన్ సార్ స్వయంగా వచ్చారు. తస్మి ఇంటి ముందు నీళ్లలో నిలబడి, దీని కింద బండ ఉండాలి వెనింగ్, అని నాతో అన్నారు. ఈ బురదలో బండ దొరికితే ఆయనకు పేపరు, కాన్ఫరెన్సు. గొంతు పెద్దది. సందంతా విన్నది.

మా ఆయన బతికున్నన్నాళ్లూ నన్నే బండదానా అనేవాడు, చూడు ఇప్పుడు, అని తస్మి నవ్వింది.

మే 21
సందులోవాళ్లు టీవీలు, బియ్యం బస్తాలు తెచ్చి ఆవిడింట్లో పెడుతున్నారు. పక్కింటి కుస్నియా బాలింత. జూన్ పెద్ద పోటుకి నెల బిడ్డతో ఇక్కడే పడుకుంటుందట. తస్మి అప్పుడే కొత్త చాప కొనేసింది. ఆవిడ కాళ్లు నేల మీద ఆనడం లేదు. నాకు వేడి వేడిగా వేయించిన సోయా టెంపే పెట్టింది.

మే 28
సార్ పేపరుకి మంచి ఫొటోలు ఏరమన్నారు. జూమ్ చేశాను.

నిరుడు మేకు, కిటికీ కింద నాలుగో ఇటుక వరసలో ఉంది. డిసెంబరులో మూడో వరస. ఇప్పుడు రెండో వరస. పాత చిల్లులు సున్నంతో పూడ్చి ఉన్నాయి. అంటే ఇల్లు దిగుతోంది, మేకు ఎక్కుతోంది. ఇంట్లోకి నీళ్లు రానిది నిరుడు మట్టి పోయించి నేల ఎత్తు చేయించుకున్నందుకు. ఈసారి పోటు ఆ ఎత్తు దాటుతుంది.

మే 29, ఉదయం
తస్మిని అడిగాను. దాచలేదు. నీళ్లు తగిలితే తుప్పు పట్టిపోదూ, నువ్వొచ్చేసరికి మేకు కనబడకపోతే మీ పెద్దాయన నిన్ను కేకలేస్తాడని నేనే ఎప్పటికప్పుడు పైకి కొడుతున్నానే అమ్మాయ్, అంది. మెచ్చుకుంటానని చూసింది.

అయితే బండ లేదు పెద్దమ్మా, అన్నాను. ఎందుకు లేదు, అంత చదివినాయన ఊరికే అంటాడా, అంది. మేకు జరిపింది తనే. ఫొటోను నమ్మిందీ తనే. నాకు ఒళ్లు మండింది.

సార్‌కి ఫోన్ చేశాను. జూలైలో డ్రిల్లింగ్ చేసి చూద్దాం, అందాకా ఎక్కడా అనకు, అన్నారు.

సాయంత్రం
కుస్నియాకి చెప్పేశాను. బిడ్డకు నూనె రాస్తూ, మీ ఆఫీసువాళ్లు పూటకో మాట చెబుతారక్కా, పెద్దమ్మను చెప్పమను, వింటాను, అంది.

జూన్ 3
రేపే పెద్ద పోటు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఫొటోలు వరసగా చూపించాను. ఇటుకలు లెక్కపెట్టమన్నాను. తస్మి వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ మొదటి ఫొటోకి పోయి ఇంకోసారి లెక్కపెట్టింది.

కుస్నియా నీ మాటే వింటుంది, నువ్వే చెప్పాలి, అన్నాను. ఊరందరి ముందూ గొప్పలు పోయానే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు, నువ్వు పో ముందు, అని తలుపేసుకుంది.

భయంగా ఉంది. స్కేలు కడిగి ఆరబెట్టాను.

జూన్ 4, ఉదయం
నేను వెళ్లేసరికి ఆవిడ లుంగీ ఎగగట్టి నీళ్లలో ఇంటింటికీ తిరుగుతోంది. బండా లేదు గిండా లేదు, ఆ మేకు నేనే జరిపాను, వచ్చి మీ సామాన్లు మోసుకుపోండి, అని అరుస్తోంది. ఒకాయన అరుగు మీంచి, అయితే నీ బండ రాత్రికి రాత్రే కరిగిపోయిందా తస్మీ, అన్నాడు. ఆవిడ ఆగలేదు. కుస్నియా ఇంటి ముందు మాత్రం ఆగింది. గొంతు తగ్గించింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

సాయంత్రం
తస్మి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. కొత్త చాప తేలుతోంది. దాని మీద ఎవరూ లేరు.

ఫొటో తీశాను. స్కేలు పెట్టలేదు.