నీలం డబ్బా అడుగున ఉన్నది గార కాదు

అన్నయ్యా,

స్నానాల గది వెనక ఉన్న నీలం డబ్బాను ఇంకోసారి ముట్టుకోకు. నిన్న నువ్వు "ఛీ, గార పట్టింది" అంటూ యాసిడ్ పోసి తళతళలాడేలా తోమావే, అది గార కాదు. నువ్వు తప్ప ఇంట్లో అందరి మూత్రం పట్టి, టీచర్ ఇచ్చిన మెగ్నీషియం ఉప్పు కలిపితే అడుగున పేరుకున్న ఎరువు. దాన్ని గీకి ఇవాళ బళ్లో చూపించాలి. ఇంత మంచి ఎరువును మనం రోజూ కాలవపాలు చేస్తున్నామని చెప్పాలి. అసలే నలుగురిలో నాకు నోరు పెగలదు. ఖాళీ చేతులతో నిలబడి ఏం చెప్పను?

తిన్న కంచం తీయనివాడికి నిన్నే శుభ్రత గుర్తొచ్చిందా? పైగా నీ స్నేహితుల ముందు "మా చెల్లి ఉచ్చల వ్యాపారం పెట్టిందిరా, మీరూ ఓ చెయ్యి వేయండి" అన్నావు. తలుపు చాటున సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్నమ్మ మోకాళ్ల నొప్పులతోనే రోజూ చెంబు పట్టుకెళ్లి డబ్బాలో పోసి వచ్చేది. ఆవిడకి నువ్వే చెప్పుకో. టీచర్‌ని గడువు అడుగుతాను. ఇస్తే ఈసారి నీ వంతు కూడా పోయాలి.

యాసిడ్‌కి నీ వేళ్లు మండుతున్నాయని అమ్మ చెప్పింది. కొబ్బరినూనె పై అరలో పెట్టాను, రాసుకో. కోపం మాత్రం తగ్గలేదు.