చప్పుడు లేని బండి, చప్పుడు చేసే బావ

కూరింగా గొర్రెల క్షేత్రం,
ఏప్రిల్, టపా లారీ వచ్చే రోజు

నెవిల్ బావకి క్లెమ్ రాసేది,

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, మా కుక్క టిన్నీ. నాకు రాత పెద్దగా రాదని నీకు తెలుసు. ఫోను సిగ్నలు కోసం కొండెక్కడం కంటే ఇదే నయమని రాస్తున్నాను.

మొన్న కొండెక్కి మావిస్ చెల్లితో నా డీజిలు బండి ఇంజను పట్టేసిందని చెప్పాను. అది కబురు చెప్పడం. కారు పంపమని అడగడం కాదు. నువ్వేమో నీ కరెంటు కారుని లారీ ఎక్కించి అడిలైడ్ నుంచి పంపేశావు. వచ్చింది కాబట్టి వాడుతున్నాను. నచ్చి కాదు.

ఇక్కడ వాన లేదు. బీట్లో గడ్డిపరక లేదు. మా నాన్న చేతి మీదుగా వచ్చిన మంద, అన్నీ చూడి గొర్రెలే. రోజు విడిచి రోజు ట్రాలీతో దాణా పోయకపోతే ఈనేదాకా బతకవు. గొర్రెల బేరగాడు వచ్చి, "ముసలాయనా, ఇప్పుడే అమ్మేసుకో, తర్వాత ఉత్త పుణ్యానికి ఇస్తానన్నా ఎవడూ తోలుకుపోడు" అన్నాడు. వాణ్ణి గేటు దాకా సాగనంపి వచ్చాను. ఇప్పుడు నా మంద బతికేదీ పోయేదీ నీ కారు మీద ఉంది. ఆ కారేమో నోరు లేనిది.

నా గొర్రెలకి నా పాత బండి చప్పుడు తెలుసు. అది అవతలి బీట్లో దగ్గితే చాలు, ఇక్కడి నుంచి పరిగెత్తుకొచ్చేవి. నీది దొంగలా వస్తుంది. దాణా పోసి, దిగి, గంట సేపు నిలబడ్డాను. ఒక్కటీ తలెత్తి చూడలేదు. పోసినదంతా చిలకలు తిన్నాయి.

ఇట్లు,
క్లెమ్ హానఫోర్డ్

తా.క. తాళంచెవి పెట్టే కన్నం లేదు. బండి మొదలవలేదనుకుని పొద్దున్నంతా అన్ని మీటలూ నొక్కాను. అది ఎప్పుడో మొదలైందట. గేటు విరిగాక తెలిసింది. ఆ గేటు ఎలాగూ మార్చాల్సిందే.


అడిలైడ్

ప్రియమైన క్లెమ్ బావకి,

నీ ఉత్తరం చూసి మావిస్ నవ్వింది, నేను ఆలోచించాను. కారుకి చప్పుడు లేకపోవడం లోపం కాదు, సుగుణం. ఇంజను నూనె మార్చే పని లేదు. చెడిపోయే సామాన్లు తక్కువ. కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన మాట నిజమే. అయితే డీజిలు ఖర్చు ఉండదు కాబట్టి నాలుగేళ్ళలో తిరిగొచ్చేస్తుందని నేను కాగితం మీద లెక్క కట్టాను. ఎండాకాలంలో డీజిలు కోసం నువ్వు తిట్టే తిట్లు మిగలడం అదనపు లాభం.

గొర్రెల సమస్య తేలిక. మా వీధిలో ఇటుకలు దింపిన డీజిలు లారీ చప్పుడు రికార్డు చేశాను. చిన్న స్పీకరులో పెట్టి పంపుతున్నాను. ఎర్ర మీట నొక్కు చాలు.

ఇంకో సంగతి. మా గ్రంథాలయంలో 'కరెంటు కారు పల్లెకి పనికొస్తుందా?' అని జులైలో నా ప్రసంగం ఉంది. నీ అనుభవాలే నాకు ఆధారం. ఉన్నది ఉన్నట్టు రాస్తూ ఉండు.

మీ చెల్లి అడిగినట్టు చెప్పమంది.

మీ
నెవిల్

తా.క. టిన్నీని సీటు మీద కూర్చోనివ్వకు. అది లేత రంగు సీటు.


కూరింగా,
మే

నెవిల్ బావకి క్లెమ్ రాసేది,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

నీ ఎర్ర మీట నొక్కాను. నా గొర్రెలు ఒకసారి చూసి, మళ్ళీ తల దించుకున్నాయి. వాటికి ఆ లారీతో పరిచయం లేదు. కానీ కంచె అవతల డార్సీ మంద ఉంది చూశావూ, దానికి ఉంది. డార్సీ దాణా లారీ అచ్చం అలాగే మోగుతుంది. మొత్తం మంద లేచి, కంచె తోసుకుని, నా దాణా మీద పడింది. వెనకాలే డార్సీ వచ్చాడు.

"ఏం క్లెమ్మూ, నా గొర్రెలు నీ బీట్లో ఏం చేస్తున్నాయి?"

"తింటున్నాయి. కనబడ్డంలా?"

"వాటంతట అవి వచ్చాయా, పిలిచావా?"

"నేను పిలిస్తే నావే రావట్లేదు, నీవి ఎందుకొస్తాయిరా?"

అప్పుడే నీ పెట్టె మళ్ళీ మోగింది. ఆపే మీట ఏదో నువ్వు రాయలేదు. డార్సీ దానివంక చూశాడు, నావంక చూశాడు. "ఇన్నేళ్ళ పొరుగువాడివి. ముసలితనంలో గొర్రెల దొంగతనం నేర్చుకున్నావా?" అన్నాడు.

ఈ చుట్టుపక్కల ఒకణ్ణి తాగుబోతనొచ్చు, పిసినారనొచ్చు. గొర్రెల దొంగ అన్న మాట పడితే వాడి పక్కన శవపేటిక మోయడానికి కూడా ఎవడూ నిలబడడు. పెట్టెని రాయి పెట్టి కొట్టి ఆపాను.

ఇక నాకు తోచినట్టు చేశాను. అద్దం దించి, నా పాత బండి చప్పుడు నేనే నోటితో చేశాను. ముందు దగ్గు, తర్వాత గరగర, గేరు మార్చినప్పుడు కీచుమనడం, అన్నీ. మంద మొత్తం వచ్చింది. అది చూసి డార్సీ నవ్వలేక కంచె పట్టుకుని కూర్చున్నాడు. దొంగ అన్న మాట అక్కడే వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఊరంతా తిరిగి చెప్పాడు.

ఖర్చు లేదన్నావు కదా, అదీ విను. నీ కారు వారానికి ఒక పీపా డీజిలు తాగుతోంది. నా పాత బండి కూడా ఇంత తాగలేదు.

ఇట్లు,
క్లెమ్

తా.క. సరుకులకి ఊళ్ళోకి వెళితే ఎదురుగాలికి చార్జి అయిపోయింది. ఫుట్‌బాల్ క్లబ్బు వంటగదిలో తీగ పెట్టాను. ఊరికే కూర్చున్నానని నాకు ఆట గంట కొట్టే పని అంటగట్టారు. చార్జి నిండలేదని రెండో ఆటకి కూడా నేనే కొట్టాను. మనవాళ్ళు ఓడిపోతుంటే ఆట ఆపే గంట ఆలస్యంగా కొట్టాను. ఇప్పుడు నన్నే రమ్మంటున్నారు.


అడిలైడ్
(అత్యవసరం)

బావా,

డీజిలా? కారులో డీజిలు ఎక్కడ పోశావు? కుడిపక్క మూత తీసి చూస్తే కన్నాలు కనిపిస్తాయి, అవి కరెంటు తీగ పెట్టడానికి! గరాటు పెట్టేందుకు కాదు! వారానికి పీపా పట్టిందంటే అదంతా ఎక్కడికి పోయిందో ఊహించడానికే భయంగా ఉంది. దయచేసి కారు దగ్గర చుట్ట కాల్చకు. టిన్నీని కూడా దగ్గరికి రానివ్వకు. సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టు.

కంగారులో
నెవిల్

తా.క. నీళ్ళతో కడగకు!

ఇంకో తా.క. నేనూ ఒక మాట. అన్నయ్యా, మా ఆయన మాటలు పట్టించుకోకు. చప్పుడు నోటితో చేస్తున్నావని చదివి రాత్రంతా నవ్వుకున్నాను. గొంతు జాగ్రత్త. మావిస్.


కూరింగా,
మే చివర

నెవిల్ బావకి క్లెమ్ రాసేది,

నువ్వు సుద్దముక్క పట్టడం నేర్చుకోకముందే నేను డీజిలు పట్టడం నేర్చుకున్నాను. ఏ కన్నంలో ఏం పొయ్యాలో నాకు ఒకడు చెప్పక్కర్లేదు. డీజిలు పోసింది జనరేటరులో. జనరేటరు నుంచి కరెంటు కారులోకి. మరి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు? కరెంటు స్తంభాలు డార్సీ గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. మా నాన్న ఉన్నప్పుడు రేపు వేస్తాం అన్నారు. ఇంకా ఆ రేపు రాలేదు. నీలాంటి సైన్సు మాస్టారు ఒక కారు పంపేముందు అటువైపు కరెంటుందా అని అడగడా?

ఇంకా ఉన్నాయి. సీటు మరీ మెత్తన, దిగాలంటే తలుపు పట్టుకుని వేలాడాలి. ట్రాలీ తగిలిస్తే వెళ్ళే దూరం సగానికి సగం పడిపోతుంది. టిన్నీ వెనక ఎక్కనంటోంది. ముందు సీట్లో చల్లగాలి మూతికి తగిలేలా కూర్చుంటుంది. దిగి గొర్రెల్ని మళ్ళించమంటే నావంక చూస్తుంది.

ఇట్లు,
క్లెమ్

తా.క. నోటితో చప్పుడు చేసీ చేసీ గొంతు పోయింది. మాట రావట్లేదు. గొర్రెలు ఈనడం మొదలైంది. ఏం చెయ్యాలో.


అడిలైడ్
జూన్

ప్రియమైన బావకి,

జనరేటరు సంగతి నేను అడగాల్సింది. తప్పు నాదే. లారీ మీద సూర్యకాంతి పలకలు పంపుతున్నాను, వాటితో పాటు వాటికి కావలసిన పెట్టె. పగలు ఎండలో కారు నిండుతుంది, ఇక డీజిలు అక్కర్లేదు.

గొంతు పోయిందని రాశావు. నిజంగానే మావిస్ చాలా దిగులు పడుతోంది. గొంతు మాత్రలు పలకల మధ్య పెట్టాం. కారు వల్ల ఇంత కష్టమైతే మొహమాటపడకు, చెప్పు.

మీ
నెవిల్

తా.క. పలకలు ఎత్తుగా, ఎండ తగిలేలా పెట్టాలి. వాటి మీద దేని నీడా పడకూడదు.


కూరింగా,
జూన్ చివర

నెవిల్ బావకి,

పలకలు వచ్చాయి. ఎత్తుగా పెట్టడానికి షెడ్డు కప్పు ఆగదు. కింద బీట్లోనే గుంజలు పాతి పెట్టాను. గొర్రెలు వాటి కింద దూరి పడుకుంటున్నాయి. గాలివాన వస్తే పిల్లలతో సహా అక్కడే. నేను పలక తుడవాలంటే వాటిని అడుగు తీసి అడుగు వెయ్యమని బతిమాలాలి. కారు కింద కూడా పిల్లలే. బండి తీసేముందు రోజూ పొట్ట మీద పడుకుని లెక్క చూసుకోవాలి. ఈ వయసులో ఇదొకటి.

గొంతు ఇంకా రాలేదు. మాత్రలు టిన్నీ తింది. తెల్లారుజామున వెళ్ళి, నోరెత్తకుండా దాణా పోసి, నోరెత్తకుండా వస్తున్నాను. నా బతుకు ఇలా అయింది.

రాయడానికి తీరిక లేదు. ఎటు చూసినా పిల్లలే కాళ్ళకి అడ్డం. అసలు నీ కారు రాకముందు నాకు ఇంత పని లేదు.

ఇట్లు,
క్లెమ్

తా.క. సీటు గురించి మళ్ళీ రాస్తున్నాను. నువ్వు జవాబు చెప్పలేదు.


అడిలైడ్
జులై

ప్రియమైన బావకి,

ప్రసంగం అయింది. ఉన్నది ఉన్నట్టు చెబుతానని మాటిచ్చాను కాబట్టి నీ ఉత్తరాలు వరసగా చదివాను. గేటు, చిలకలు, డార్సీ, జనరేటరు, గొంతు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నవ్వో ఏడుపో తెలియదు. చివర్లో నేను లేచి, "కరెంటు కారు పట్నంలో బాగుంటుంది, పల్లెలో పనికిరాదు. నేను పొరపడ్డాను" అని ఒప్పుకున్నాను. జీవితంలో సైన్సు విషయంలో నేను ఓడిపోయింది ఇదే మొదటిసారి.

నీ మీద రుద్దిన ఈ బరువు దించడం నా బాధ్యత. ప్రసంగానికి వచ్చిన పెన్‌హాల్ గారని ఒకావిడ కారు కొంటానన్నారు. బేరం కుదిరింది. ఆ డబ్బుతో నీకు మంచి డీజిలు బండి కొన్నాను. పాతదే, కానీ వీధి చివర ఉన్నా వినిపిస్తుంది. నీ గొర్రెలకి పండగే. శుక్రవారం లారీ మీద వస్తుంది. అదే లారీకి కారు ఎక్కించి పంపెయ్యి. నీ బాధలు తీరాయి బావా.

పశ్చాత్తాపంతో
నెవిల్

తా.క. కృతజ్ఞతలు చెప్పక్కర్లేదు.


కూరింగా,
శుక్రవారం, లారీ వాడు బయట నిలబడి ఉన్నాడు

నెవిల్ బావకి క్లెమ్ రాసేది,

నిన్ను కారు తీసుకుపొమ్మని ఎవడు చెప్పాడు?

గొర్రె ఈనేటప్పుడు బండి చప్పుడు వింటే ఏమవుతుందో మీ గ్రంథాలయంలో ఎవడికీ తెలియదా? పుట్టిన పిల్లని తడి ఆరకముందే వదిలేసి దాణా కోసం పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి తన పిల్ల ఏదో దానికీ తెలియదు, తల్లి ఎవరో పిల్లకీ తెలియదు. మిగతాది కాకులు చూసుకుంటాయి. ఏటా అదే. ఇన్నేళ్ళూ అదే నా రాత అనుకున్నాను.

ఈ ఏడు నాకు గొంతు పోయింది, నీ కారుకి ముందే లేదు. ఇద్దరం నోరు మూసుకుని వెళ్ళి దాణా పోసి వచ్చాం. ఒక్క గొర్రె ఉలిక్కిపడలేదు. పిల్లని నాకి, నిలబెట్టి, పాలిచ్చి, అప్పుడు నింపాదిగా, రోజూ దాణా పోసే చోటు అలవాటే కాబట్టి, వచ్చి తింది. బీడు నిండా పిల్లలు. కవలలు కూడా నిలబడ్డాయి. బేరగాడు మళ్ళీ వచ్చి కంచె దగ్గర నిలబడి టోపీ తీశాడు. మంద ఎక్కడికీ పోదు.

ఇదంతా కారు గొప్ప అనుకునేవు. కారు ఏమీ చెయ్యలేదు. చప్పుడు కూడా చెయ్యలేదు. అంతే.

కారు మాత్రం పంపను. సీటు మంచిది కాదు, ట్రాలీ తగిలిస్తే ఊరి దాకా వెళ్ళి రాదు, కుక్కని పాడు చేస్తుంది. ఇలాంటి బండిని ఎవరో అమాయకురాలికి అంటగట్టడానికి నా మనసు ఒప్పదు. మా ఇంటా వంటా లేదు. పెన్‌హాల్ గారికి క్షమాపణ చెప్పి, ఒక ముసలాడు నీ బదులు ఆ బాధ పడతానన్నాడని చెప్పు. ఆవిడ ఇచ్చిన సొమ్ముకి సరిపడా ఉన్ని కోతలు అయ్యాక నేనే పంపుతాను. వద్దని తిప్పి పంపితే ఆ సొమ్ము మంటలో వేస్తాను.

డీజిలు బండి దింపనివ్వలేదు. లారీ వాడు గేటు దగ్గర ఇంజను వేసి చూపించబోయాడు, వాణ్ణి కొట్టబోయాను. లోపల పిల్లలు పడుకున్నాయి. అది అదే లారీ మీద నీ దగ్గరికి తిరిగొస్తోంది. ఇక అడిలైడ్‌లో నువ్వు అందులోనే గ్రంథాలయానికి వెళ్ళు. మావిస్‌కి అలాంటివి తోలడం బాగా వచ్చు, నేనే నేర్పాను.

ఇట్లు,
క్లెమ్ హానఫోర్డ్

తా.క. డార్సీ పొద్దున్నే వచ్చి కంచె మీద చేతులు పెట్టుకుని నా పిల్లల్ని చాలా సేపు చూశాడు. తర్వాత, ఇలాంటి పనికిరాని కారు వదిలించుకునేవాళ్ళు అడిలైడ్‌లో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోమన్నాడు. వద్దని చెప్పాను, వినట్లేదు. ఇతగాడి మంద ఇంకో రెండు వారాల్లో ఈనుతుంది. త్వరగా చూడు.