నలభై ఎనిమిదో పేజీ

ఆత్మకూరు,
జులై 9

లిదియమ్మక్కకు,

ఫోన్ చేస్తే నోట తిట్లు తప్ప రావు, అందుకే కాగితం తీశాను. ఉదయగిరి బడిలో మీ లైబ్రరీ గదిలో బొమ్మల కథలు చూసి చూసి గీత నేర్చుకున్నదాన్ని నేను. ఎనిమిది నెలలు, ఫ్లెక్సీల పని అయ్యాక కూర్చుని, నలభై ఎనిమిది పేజీలు గీశాను. పిల్లల గొంతులు ఎత్తుకుపోయిన రాతిపక్షి కోసం సిరి అనే పాప ఉదయగిరి కోట సొరంగంలోకి దిగే కథ. నిన్న మా ఫ్లెక్సీ షాపు ఓనరు ప్రశాంత్, తను అచ్చు వేయిస్తున్న ఆ పుస్తకం అట్ట చూపించాడు. ‘కథ, బొమ్మలు: ప్రశాంత్.’

“నా పేరేదన్నా?” అన్నాను.

“ఫ్లెక్సీ మీద నీ పేరేస్తామా ఏంది? ఇదీ అంతేనమ్మే.”

అందుకే ఒక పని చేశాను. జాతరకు మట్టిబొమ్మలు చేసే మా నాయన, బొమ్మకు కళ్లు చివరనే పెట్టాలని నాకు అలవాటు చేశాడు. చివరి పేజీలో సిరి సొరంగం దాటి వచ్చి మనకేసి చూడాలి. ఆ పేజీలో సిరికి కళ్లు పెట్టలేదు. ఖాళీ మొహంతోనే ఫైలు ఇచ్చేశాను. వాడు తిప్పి కూడా చూడకుండా ప్రెస్సుకు పంపాడు. వాడి పేరు కింద కళ్లు లేని బొమ్మను చూసి అందరూ నవ్వనీ. నేనింక పెన్ను పట్టను.

నాయనకు చెబితే మాత్రం నవ్వలేదు. “కళ్లు పెట్టకుండా అట్టనే వాకిలి దాటించినావా?” అని బువ్వ ముందు నుంచి లేచిపోయాడు.

మీ అంజలి


ఆత్మకూరు,
జులై 27

అక్కా,

ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకాల కట్ట ప్రశాంతే విప్పాడు. మర్నాడు నేను పనికి పోయేసరికి మొహం పీక్కుపోయి ఉన్నాడు. “చివరి పేజీలో ఆ పాప కళ్లు తీసెయ్ అంజలీ. ఏ పక్కన కూర్చున్నా నన్నే చూస్తా ఉండాది.”

నేను పెట్టలేదన్నాను. వాడూ పెట్టలేదట. సిస్టంలో ఫైలు తెరిచాం. ఖాళీ మొహం. ప్రెస్సుకు ఫోన్ చేస్తే “మీరు పంపిందే వేసినాం” అన్నారు. ఆ మధ్యాహ్నమే వాడు అట్టలన్నీ చింపించి, నా పేరుతో కొత్తవి వేయించాడు. నేను మళ్లీ అడగను కూడా లేదు.

గెలిచాననుకొని పుస్తకం ఇంటికి తెచ్చి, చివరి పేజీ తెరిచాను. సిరి తల పక్కకు తిప్పుకొని ఉంది. నేను అలా గీయలేదక్కా. నాయన చేతికిచ్చాను. “సూటిగా చూస్తా ఉండాదే” అన్నాడు. వెనక్కి లాక్కుని చూస్తే నాకు మళ్లీ జడ, చెవి, అంతే.

నాయన నా చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “వాడి మీద కోపానికి బిడ్డ కళ్లు ఆపినావు. అది ఎవురి మొహమైనా చూస్తాది. నీ మొహం చూడదు.”

రేపు మీ బడి పిల్లల కోసం ఇరవై పుస్తకాలు బస్సులో పంపుతున్నాను. భయపడకండి, పిల్లల్ని చూసి నవ్వుతుందట. పక్కింటి వరదమ్మ మనవరాలు చెప్పింది. ఒక్క సాయం చేయండి. సిరి కళ్లు ఎలా ఉన్నాయో నాకు రాయండి. మళ్లీ పెన్ను పట్టి, ఈసారి నా చేత్తో పెడతాను.

అవి నేనింకా చూడలేదు.

మీ అంజలి