బొచ్చుగాడి రక్తపరీక్ష

ఆదివారం, మధ్యాహ్నం

వదినకు,

నీ ఆడబిడ్డ నమస్కారాలు. ఇక్కడ క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అక్కడ ఎలా ఉన్నావని అడిగే ధైర్యం మాత్రం లేదు. ఫోను ఎత్తడం మానేశావు, నేనొస్తే తలుపు తీయవు. అందుకే ఈ ఉత్తరం.

అన్నయ్య పోయిన వారానికే బొచ్చుగాణ్ణి గేటు బయటికి నెట్టి, ‘నా మనిషికి దగ్గు అంటించింది ఇదే. ఈ కుక్క మొహం నాకు చూపించకండి’ అన్నావు. నేను గొలుసు పట్టుకుని నా వెంట తెచ్చుకున్నాను. పశువుల డాక్టర్నై ఉండీ నాకూ అప్పటికి ఏమీ తెలియదు.

ఇప్పుడు మా ఆస్పత్రిలో ఈ చుట్టుపక్కల కుక్కలన్నిటికీ రక్తపరీక్షలు చేస్తున్నాం. ఈ నేలలో ఒకరకం బూజు ఉందని తేలింది. మట్టి తవ్వితే దుమ్ముతో లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కుక్కలు ముక్కు నేలకానించే తిరుగుతాయి కదా, అది ఎక్కడుందో ముందు వాటి రక్తమే చెబుతుంది. బొచ్చుగాడికి సూది వేయబోతే బల్ల కింద దూరాడు. ఇంజెక్షనంటే మంచం కింద దూరే అన్నయ్యే గుర్తొచ్చాడు. నవ్వబోయి ఏడ్చాను, కాంపౌండరు చూడకుండా.

వాడి రక్తంలో ఆ బూజు జాడ ఉంది వదినా. వెనక గది పునాదికి అన్నయ్య తవ్వుతుంటే వాడూ పక్కనే కాళ్ళతో గీరుతూ ఆ మట్టిలోనే పొర్లాడు, గుర్తుందా? ఇది కుక్క నుంచి మనిషికి అంటేది కాదు. ఇద్దరూ ఒకే దుమ్ము పీల్చారు. వాడు తట్టుకున్నాడు, అన్నయ్య తట్టుకోలేకపోయాడు.

వాణ్ణి తిరిగి తీసుకోమనను. నీ దుఃఖానికి ఎవరో ఒకరి మీద కోపం కావాలి, నాకు తెలుసు. నోరులేని వాడి మీద మాత్రం వద్దు. సాయంత్రం గేటు చప్పుడైతే ఇప్పటికీ లేచి నిలబడతాడు. వచ్చింది నేనని చూసి, మర్యాదకు తోక ఒకసారి ఊపి మళ్ళీ పడుకుంటాడు.

నీ కోపం తగ్గేదాకా కాచుకునే,
ఆడబిడ్డ

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన రాయలేకపోయింది ఒకటుంది. పెద్దాస్పత్రిలో దాచి ఉంచిన అన్నయ్య రక్తాన్ని కూడా పరీక్షించమని అడిగాను. అదే జబ్బు. క్షయ అనుకుని మనం మింగించిన మాత్రలు దీనికి పనిచేయవు. దీనికి వేరే మందు ఉంది. అప్పుడూ ఉంది. ఈ పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. పాపకు దగ్గు తగ్గడం లేదని మీ పక్కింటి పిన్ని ఇప్పుడే వచ్చి చెప్పింది. ఆ తవ్వకంలో వాళ్ళ నాన్నతో పాటు అదీ మట్టి ఎత్తింది కదా. ఉత్తరం పిన్ని చేతికే ఇస్తున్నాను. నన్ను తర్వాత ఎంతైనా తిట్టు, ముందు పాపను తీసుకుని పెద్దాస్పత్రికి బయల్దేరు.