ప్రమాదం మార్కులు

గుడివాడ, 1939 జనవరి 9

గోవర్ధనరావుగారు ఒప్పుకున్నారు! ఇన్నాళ్లూ ఆయన రైస్ మిల్లులో కూలి అంటే ఆయన దయ. బంధువుకి ఒక రేటు, దండం పెట్టినవాడికి ఒక రేటు. గుమాస్తాగా చేరినప్పటినుంచీ నా ఒళ్లు మండుతూనే ఉంది. ఇవాళ మొహం మీదే అనేశాను. తూచాల్సింది మనిషిని కాదు, పనిని. నైపుణ్యం, శ్రమ, బాధ్యత, ప్రమాదం. ఒక్కోదానికి మార్కులు వెయ్యాలి, మార్కుల్ని బట్టి కూలి ఇవ్వాలి. కార్మిక సంఘం వాళ్ల కరపత్రంలో చదివిందే. ఆయన చుట్ట తీసి నవ్వారు. సరే అబ్బాయ్, నువ్వే తూచు, నాకూ తలనొప్పి వదులుతుంది అన్నారు.

జనవరి 13

మిల్లంతా తిరిగాను. బాయిలర్ నడిపే ధనరాజు చేతుల మీద కాలిన మచ్చలు చూశాక ప్రమాదానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టాను. బియ్యం చెరిగే వీరమ్మ అడ్డం తగిలింది. మా ఆయనకన్నా నాకెక్కువొస్తే ఆ మహానుభావుడు అలిగి అన్నం మానేస్తాడు, కాస్త చూసి వెయ్యండి పంతులుగారూ అంది. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

జనవరి 16

కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. ధనరాజు కూలి అందరికన్నా పైన. బాయిలర్ గోడ పక్కన కూర్చుని చెరిగేవాళ్లకీ ప్రమాదం మార్కులు కలిపాను. ప్రమాదం తగ్గితే మార్కులూ తగ్గుతాయని కింద రాశాను. న్యాయమంటే రెండువైపులా ఉండాలి.

జనవరి 24

బాయిలర్ అతుకు దగ్గర ఆవిరి కారుతోంది. సన్నగా, ఈలలాగా. బందరు నుంచి ఫిట్టర్‌ని పిలిపించమని చెప్పడానికి బయల్దేరితే ధనరాజు పక్కకి లాగాడు. దణ్ణం పెడతానండి, చెప్పకండి అన్నాడు. బాగుచేస్తే ప్రమాదం తగ్గుద్ది, నా కూలీ తగ్గుద్ది, మీరే గదా రాశారు అన్నాడు.

నేనే రాశాను.

జనవరి 25

గోడ పక్క చోటు కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. వీరమ్మ గెలిచింది.

జనవరి 28

ఈల లావైంది. గోవర్ధనరావుగారి దగ్గరికి పరుగెత్తాను. ధనరాజు బాగానే ఉందంటున్నాడు, వాడికన్నా నీకు తెలుసా అన్నారు. సీజన్లో మిల్లు ఆపమంటావా అన్నారు. పోనీ, రిపేరయ్యాక కూడా ఇదే కూలి ఇస్తామని వాళ్లకి మాటివ్వండి అన్నాను. ప్రమాదమే లేనప్పుడు దాని కూలి ఎందుకోయ్, నీ న్యాయమే గదా అన్నారు. టేబుల్ మీద గుద్ది వచ్చేశాను. 

జనవరి 30

ప్రమాదం మార్కులు కొట్టేస్తానన్నాను. ధనరాజు నా చొక్కా పట్టుకున్నాడు. పుస్తకాలు చదివి మా పొట్ట మీద కొట్టడానికొచ్చాడమ్మా అని వీరమ్మ దుమ్మెత్తిపోసింది. బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కి రాస్తానన్నాను. రాయండి, మిల్లు మూసేస్తే మీ ఇంట్లో మాకందరికీ వండి పెడతారా అంది. రాయడానికి తీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో అమ్మ ఎసట్లో బియ్యం పోస్తే, ఆ ఆవిరి చప్పుడుకి లేచి నిలబడ్డాను.

ఫిబ్రవరి 1, ఉదయం 10 గంటలు

ఆవిరి తగ్గించేదాకా లేవనని ధనరాజుతో చెప్పి గోడ పక్కన కూర్చున్నాను. ఇక్కడే రాస్తున్నాను. పంతులుగారికీ మార్కులు కావాల్సొచ్చినయ్యి అని వీరమ్మ జరిగి చోటిచ్చింది. వీపు కాలుతోంది. అవతల ధనరాజు పొయ్యిలోకి ఇంకా ఇంకా ఊక తోస్తున్న చప్పుడు.